స్పాట్ ఎక్స్‌ప్లనేషన్

చెకింగ్‌లో ఉన్న రోజుల్లో కండక్టరుకు చార్జి మెమో ఇచ్చినప్పుడల్లా అతని దగ్గర మేమొక కాగితం రాయించుకునేవాళ్లం. దాన్ని స్పాట్ ఎక్స్‌ప్లనేషన్ అనేవాళ్లు. బస్సు పక్కన నిలబడి, అక్కడికక్కడే ఇచ్చుకునే సంజాయిషీ అన్నమాట. కొందరు బానెట్ మీద పెట్టి రాసేవారు, కొందరు తొడ మీద. చేతులు వణికేవి. నాలుగు ముక్కలకు మించి రాసినవాళ్లు నాకు గుర్తు లేరు. రాయనంటే, రాయనన్నాడనే మేం రాయాలి. ఆ కాగితం లేకుండా కేసు డిపోకు పంపడానికి నాకు చెయ్యాడేది కాదు.

నేను 1978లో ఆర్టీసీలో కండక్టరుగా చేరాను. పదేళ్లు సంచి మోశాను. తర్వాత ఐదేళ్లు బస్టాండులో కంట్రోలర్ కుర్చీ. 1993 నుంచి 2012లో రిటైరయ్యేదాకా చెకింగే. పట్టుకున్నవాణ్నీ నేనే, అంతకుముందు పట్టుబడతానేమోనని భయపడ్డవాణ్నీ నేనే. ఇప్పుడు బస్సులో గొడవ లేవగానే నలుగురి చేతుల్లో ఫోన్లు లేస్తుంటే అందరూ కొత్త వింత అంటారు. నాకు కొత్తగా అనిపించదు. కండక్టరు ఉద్యోగాన్ని మొదటినుంచీ అనుమానం మీదే కట్టారు. కాపలా కాసేవాళ్లు మారుతూ వచ్చారంతే. కాపలా మారిన ప్రతిసారీ ఆ నాలుగు ముక్కల సంజాయిషీ ఏమవుతోందన్నదే నా గోల.

మన దగ్గర ఈ కథ 1932 జూన్‌లో మొదలైంది. నిజాం రైల్వే వాళ్లు రోడ్డు రవాణా విభాగం పెట్టి 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో బండ్లు తిప్పారు. ఆనాటి ఆల్బియన్ బస్సొకటి హైదరాబాదులో బస్‌భవన్ దగ్గర భద్రంగా ఉంచారు. మన బస్సుల నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరులోదని మా పాతవాళ్లు చెప్పుకునేవారు. చిల్లర చిక్కు కూడా ఆనాటిదే అయ్యుండాలి. హైదరాబాద్ రాజ్యంలో హాలీ సిక్కా చెల్లేది, బెజవాడ వైపు బ్రిటిష్ వాళ్ల కల్దారు. ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. అవతలి నుంచి వచ్చినవాడి జేబులో ఒక రూపాయి, ఇవతలి కండక్టరు సంచిలో ఇంకో రూపాయి. ఇక ఆ లెక్క తగువు లేకుండా ఎట్లా తెమిలేదో మీరే ఊహించుకోండి.

1951 నవంబరు 1న బస్సుల శాఖ రైల్వే నుంచి విడిపడి హైదరాబాద్ ప్రభుత్వం కిందికి వచ్చింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. 1958 జనవరి 11న ఆర్టీసీ పుట్టింది. అంటే కొత్త సంస్థ, కొత్త పైసలు తొమ్మిది నెలల తేడాతో కలిసి కండక్టరు నెత్తిన పడ్డాయి. అణాకు ఆరుంపావు పైసలు. పావు పైసా ఎక్కడా లేదు కాబట్టి ప్రభుత్వం ఒక పట్టిక ఇచ్చింది. అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25. మూడణాల బేరానికి విడివిడిగా మూడు ఒంటణాలు ఇస్తే పద్దెనిమిదే, కలిపి లెక్కేస్తే పందొమ్మిది. నేను చేరేనాటికి రిటైర్‌మెంటు దగ్గరపడ్డ ఒక పెద్దాయన ఆ పట్టికను ఎక్కాల్లా అప్పజెప్పేవాడు. "ఆ ఒక్క పైస కోసం నన్ను సూర్యాపేటల కాలర్ పట్టిండ్రురా" అని నవ్వేవాడు.

ఆర్టీసీ పుట్టిన ఏడే ఇంకో సంగతి జరిగింది. కండక్టర్లకు దానితో నేరుగా పని లేదు గానీ, నా దృష్టిలో మా శాఖ చరిత్రలో అదే పెద్ద ముచ్చట. కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సుల రూట్లను సంస్థ తీసుకోవాలనుకుంది. బస్సుల యజమానులు అభ్యంతరం చెప్పారు. వాళ్ల వాదన విన్నది ప్రభుత్వ కార్యదర్శి. ఆర్డరు ఇచ్చింది ముఖ్యమంత్రి. యజమానులు సుప్రీంకోర్టుకెక్కారు. 1958 నవంబరులో కోర్టు ఆ ఆర్డరు కొట్టేసింది. ఒకరు విని మరొకరు తీర్పు చెబితే అది విచారణ అనిపించుకోదంది. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసు అని లా చదివే పిల్లలు ఇప్పటికీ దేశమంతా చదువుతారు. తర్వాత ముఖ్యమంత్రి తానే కూర్చుని విన్నాడు, అప్పుడా పథకం కోర్టులో నిలబడింది. మన బస్సుల గొడవలోంచి పుట్టిన న్యాయం అది. మా యూనియన్ మీటింగుల్లో ఒక్కడు కూడా దాని ఊసెత్తగా నేను వినలేదు.

నేను సంచి మోసిన కాలానికి వస్తాను. చేతిలో ట్రే. అందులో రేటుకొక రంగు టికెట్ల కట్టలు. బొటనవేలు తడి చేసుకుని చింపి, స్టేజీ అంకె మీద పంచ్ కొట్టి ఇవ్వాలి. స్టేజీ రాగానే ఏ కట్టలో ఏ నంబరుదాకా పోయిందో ఎస్సార్ అనే లెక్కల కాగితంలో రాయాలి. డ్యూటీ ఎక్కేముందే సొంత డబ్బెంత ఉందో రాసివ్వాలి. దిగేసరికి సంచిలో తక్కువ తేలితే కట్టాలి, ఎక్కువ తేలినా కేసే. అన్నింటికీ పైన ఇంకో రూలు, ఇష్యూ అండ్ స్టార్ట్. ఎక్కినవాళ్లందరికీ టికెట్లు కొట్టాకే బండి కదలాలి. అంగడి రోజు డెబ్బై మందిని ఎక్కించుకుని, వెనక ఇంకో బస్సు హారన్ కొడుతుంటే, ఆ రూలు పాటించిన కండక్టర్ని నేనింతవరకు చూడలేదు. నేనూ పాటించలేదు.

చిల్లర సంగతి దాచిపెడితే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. పావలా ఇవ్వాల్సి వస్తే టికెట్ వెనక రాసిచ్చేవాళ్లం, దిగేటప్పుడు అడగమని. అడగడం మరిచిపోయేవాళ్లు మరిచిపోతారని మాకు తెలుసు. ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్లకు కలిపి ఒక నోటిచ్చి, "దిగినంక పంచుకోండి" అనేవాళ్లం. ఆ ఇద్దరూ టీ కొట్టు ముందు నోటు మార్చుకోలేక నిలబడి, మా బస్సు వెళ్లిన దిక్కుకు చూసి తిట్టుకునేవాళ్లు. చిల్లర సంచిలో ఉండి కూడా లేదన్న రోజులు నాకున్నాయి. సంచిలో ఎక్కువ తేలితే కేసు కదా, అందుకని డిపో చేరేలోపే ఆ పైసలు టీ కొట్లో ఖర్చయ్యేవి. బస్సులోపల "సరిపడు చిల్లర ఇచ్చి సహకరించండి" అని రాసుండేది. ప్రయాణికుడు ఇచ్చిన సహకారం ఎక్కడికి పోయిందో ఆ బోర్డు చెప్పేది కాదు.

ప్రయాణికుడికి అప్పుడున్న ఆయుధాలు రెండు. ఒకటి మా చొక్కా మీది బ్యాడ్జి నంబరు. రెండోది ఫిర్యాదుల పుస్తకం. ఆ పుస్తకం నేను కంట్రోలర్‌గా ఉన్న ఐదేళ్లూ నా బల్ల సొరుగులోనే ఉంది. మనిషి ఊగిపోతూ వచ్చేవాడు. "పుస్తకం ఇయ్యి, రాస్త." నేను కూర్చోమనేవాణ్ని. పుస్తకం తీసేవాణ్ని, పెన్ను మాత్రం వెతికేవాణ్ని. వెతుకుతూనే "ఏ ఊరు మనది, ఏ బండి?" అని అడిగేవాణ్ని. పెన్ను దొరికేసరికి సగంమంది లేచిపోయేవారు. పెన్ను నా జేబులోనే ఉండేది. మా వాళ్లను కాపాడుతున్నాననుకునేవాణ్ని. ఇప్పుడు ఆలోచిస్తే, ఈ ఫోన్లు ఇంత కసిగా లేవడంలో ఆ దొరకని పెన్ను వాటా కూడా ఉందనిపిస్తుంది. అయితే రాసినవాడు మాత్రం పేరు, ఊరు, తారీఖు, సంతకం పెట్టేవాడు. కండక్టరుకు దాని నకలు వెళ్లేది. అతను జవాబిచ్చేవాడు. ఫిర్యాదు అబద్ధమని తేలితే చెప్పినవాడెవరో తెలిసేది.

చెకింగ్‌లోకి వచ్చాక మాకు ఎదురైన పెద్ద ఇబ్బంది సాక్షి. జీపు అడ్డంపెట్టి బస్సాపుతాం. మొదట ట్రే, ఎస్సార్ లాక్కుంటాం. తర్వాత సీటు సీటుకూ వెళతాం. "డబ్బులిచ్చినం సార్, టికెట్ ఇయ్యలే" అని నోటితో ఎందరో చెబుతారు. సంతకం పెట్టమంటే కిటికీలోంచి బయటికి చూస్తారు. ఇది ఒక్క మనకే కాదు. హర్యానా రోడ్‌వేస్ కండక్టరు కేసొకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డబ్బిచ్చి టికెట్లు లేకుండా పదకొండు మంది దొరికారు. ఒక్కరూ రాతపూర్వకంగా చెప్పలేదు. 1977లో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పులో, శాఖాపరమైన విచారణకు ప్రయాణికులను పిలిచి ప్రశ్నించనక్కర్లేదు, నమ్మదగ్గ ఆధారం కొంత ఉంటే చాలు అన్నారు. మాకది రామబాణం. చెకింగ్‌వాళ్ల రిపోర్టు మాటకు బలం వచ్చింది. కండక్టరుకు మిగిలింది ఆ నాలుగు ముక్కల కాగితమే.

ఆ కాగితం విలువ నాకు తెలిసింది 1994లో. ఏ డిపోనో, ఎవరో చెప్పను. నైట్‌హాల్ట్ బస్సు, అంగడి రోజు. ముగ్గురి దగ్గర డబ్బు తీసుకుని టికెట్ ఇవ్వలేదు. ఇద్దరు సంతకానికి ఒప్పుకోలేదు, మూడో ముసలాయన వేలిముద్ర వేశాడు. కండక్టరు రాశాడు: రద్దీ ఎక్కువ ఉంది, డబ్బులు తీసుకున్నాను, టికెట్ కొట్టేలోపు బస్సు కదిలింది, మోసం చేసే ఉద్దేశం లేదు. ఉద్యోగం పోయింది. నాలుగేళ్లు లేబర్ కోర్టు చుట్టూ తిరిగి మళ్లీ చేరాడు, పాత జీతం రాలేదు. నేను రాసింది సరైందేనని ఇప్పటికీ అంటాను. సంచిలో లెక్కకు మించి ఉన్న మాట నిజం. కానీ బస్సు కదిలిన మాట కూడా నిజమేనని ఆ డ్రైవరు రిటైరయ్యే రోజు దండ మెళ్లో వేసుకుని మరీ నాతో చెప్పాడు. అన్నేళ్లయినా ఆ మాట ఫైల్లోనే ఉంది. చివరికి కోర్టు చదివింది దాన్నే.

2000 దాటాక టికెట్లు కొట్టే టిమ్ మిషన్లు వచ్చాయి. ట్రేలు, పంచ్‌లు పోయాయి. టికెట్ మీద గంట, నిమిషం కూడా పడటంతో "టికెట్ కొట్టేలోపు" అన్న సంజాయిషీకి చోటు తగ్గింది. పాత టికెట్ మళ్లీ అమ్మడం లాంటి పనులు ఆగిపోయాయి. మా చెకింగ్‌వాళ్ల పని సగమైంది. చిల్లర గొడవ మాత్రం పోలేదు. 2011 జూన్ 30తో పావలా చెల్లుబాటు ముగిసింది. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినప్పుడు ప్రభుత్వ బస్సుల్లో కొన్నాళ్లు పాతనోట్లు తీసుకోవచ్చన్నారు. పది రూపాయల టికెట్‌కు అయిదువందల నోటు చాపే చేతులు ఎన్ని ఉంటాయో లెక్కేసుకోండి. తర్వాత పది రూపాయల బిళ్ల చెల్లదన్న పుకారు లేచింది. రిజర్వు బ్యాంకు పద్నాలుగు రకాల బిళ్లలూ చెల్లుతాయని 2018 జనవరిలో చెప్పాల్సి వచ్చింది. కండక్టరు తీసుకోకపోతే ప్రయాణికుడికి కోపం, తీసుకుని తర్వాతివాడికి ఇస్తే వాడికి కోపం. అప్పటికే జియో వచ్చి నెట్ చవకైంది. కోపం వచ్చినవాడు పెన్ను అడగాల్సిన పని లేకుండా పోయింది.

ఫోన్ల వల్ల మేలే జరగలేదని అనను. 2019 అక్టోబరు 5న తెలంగాణలో సమ్మె మొదలై 52 రోజులు నడిచింది. తాత్కాలిక కండక్టర్లు మిషన్లు లేకుండా ఇష్టమొచ్చినట్టు వసూలు చేస్తున్నారని ఊరూరా ఫిర్యాదులు లేచాయి. అప్పుడు మా చెకింగ్ జీపులు లేని లోటు కొంతవరకు ఫోన్లే తీర్చాయి. నవ్వొచ్చే వీడియోలూ ఉన్నాయి. 2022 ఫిబ్రవరిలో గోదావరిఖని నుంచి కరీంనగర్ వెళ్లే బస్సులో ఒకాయన గుడ్డ కింద దాచిన కోడిపుంజుకు కండక్టరు 30 రూపాయల టికెట్ కొట్టాడు. రాష్ట్రమంతా చూసింది. జంతువులను ఎక్కించుకోవడమే తప్పని అధికారులన్నారు. మా రోజుల్లో అయితే ఆ కోడి ఎస్సార్‌లో ఏ గడిలో పడేదో అని నేను రెండు రోజులు ఆలోచించాను.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి వచ్చింది. ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఉచితం. డబ్బు లేనిచోట గొడవెందుకుంటుందనుకున్నాను. ముప్పై నాలుగేళ్ల అనుభవం ఒక్క వారంలో తప్పని తేలింది. ఉచితమైనా జీరో టికెట్ తీసుకోవాలి. ఆ టికెట్ల లెక్క మీదే ప్రభుత్వం సంస్థకు డబ్బు కట్టేది. రాష్ట్రంలో ఉంటున్నట్టు చూపే కార్డు కావాలి. ఒరిజినల్ కావాలి. సున్నా రూపాయల టికెట్ కోసం మనుషులు కొట్లాడుకోవడం కండక్టరు వృత్తిలో అంతకుముందు ఎన్నడూ లేదు. ఆ రోజుల్లోనే, 2024 జనవరిలో, హయత్‌నగర్ డిపో కండక్టర్ల మీద ఒక ప్రయాణికురాలు చేయి చేసుకున్న వీడియో బయటికొచ్చింది. మొదటి ట్రిప్పు, చిల్లర లేదన్నదగ్గర మొదలైన గొడవ. పోలీసు కేసైంది. వీడియో కండక్టరు వైపు పనికొచ్చిన సందర్భం అది. తీసినవాడు ఎప్పుడు మొదలుపెట్టాడన్న దాన్నిబట్టి ఎవరి వైపైనా పనికొస్తుంది.

ఈమధ్య నాకది కళ్లెదుట జరిగింది. సరిహద్దు దగ్గరి ఒక ఊళ్లో పల్లెవెలుగు ఎక్కాను. ముందు సీట్లో ఒక ఆమె, ఒళ్లో పిల్ల. కండక్టరు ఇరవై ఏడెనిమిదేళ్ల అమ్మాయి. ఆ తల్లి కార్డు మీద జగ్గయ్యపేట అడ్రసు. పెళ్లయి ఇటువచ్చి మూడేళ్లయిందట, కార్డు మార్పించుకోలేదు. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి ఉచితం ఉంది. అదే కార్డుతో జగ్గయ్యపేటలో ఎక్కితే డబ్బు అక్కర్లేదు, గంట ప్రయాణం ఇవతల ఎక్కితే కావాలి. ఇది ఆమెకు అన్యాయంగా తోచడంలో వింతేమీ లేదు.

"అక్కా, అడ్రస్ ఇక్కడిది లేకుంటే టికెట్ తీసుకోవాలె. చెకింగ్ వస్తే నా మీదికొస్తది" అంది కండక్టరు. నెమ్మదిగానే అంది. ఆమె వినలేదు. కండక్టరు మళ్లీ చెప్పింది. వెనకనుంచి ఎవరో "పోనీ తియ్యమ్మా, నీ జేబులోయా?" అన్నారు. ఆ తల్లి "నీ అయ్య బస్సా ఇది?" అంది. మూడోసారి కండక్టరు గొంతు లేచింది. "సదువొచ్చు గదా, కార్డు మీద ఏమున్నదో సదువుకో! టికెట్ తీసుకో, లేకుంటే దిగు!" అప్పటిదాకా పాటలు వింటున్న కుర్రాడు అప్పుడు ఫోన్ ఎత్తాడు.

రెండు రోజుల్లో ఆ వీడియో మా మనవడు నాకే చూపించాడు. నలభై సెకన్లు. పిల్లనెత్తుకున్న తల్లి, ఆమె మీద అరుస్తున్న కండక్టరు, "దిగు" అన్న మాట. కింద వందల మాటలు. ఉద్యోగం పీకెయ్యాలన్నవాళ్లే ఎక్కువ. బ్యాడ్జి కనిపిస్తోంది, మొహం కనిపిస్తోంది. తీసినవాడి పేరు లేదు. అడ్రసు లేదు. కండక్టరు చెప్పుకోవడానికి గడి లేదు. విన్నవాళ్లు తీర్పు చెప్పలేదు, చెప్పినవాళ్లు వినలేదు.

వీడియో మూడుసార్లు చూశాను. మూడోసారి ఒక మూల నా తెల్లతల కనిపించింది. కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. ఆ రూలు ఆ బస్సులో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. నేను నోరు విప్పితే అక్కడితో ఆగేది. పందొమ్మిదేళ్లు ప్రయాణికులు సంతకం పెట్టలేదని విసుక్కున్నాను. సమయం వచ్చేసరికి నేనూ అదే కిటికీలోంచి చూశాను.

మర్నాడు డిపోకు వెళ్లాను. ఆ ట్రిప్పులో ప్రయాణించినవాణ్ని, వాంగ్మూలం ఇస్తానని చెప్పాను. కౌంటర్లో కుర్రాడికి ఏం చెయ్యాలో తెలియలేదు, కూర్చోమన్నాడు. కాగితం ఇచ్చాడు. పెన్ను కోసం సొరుగు వెతుకుతుంటే, నా దగ్గరుందిలే బాబూ అన్నాను. మొదటి మాట ఎవరన్నారో, రెండో మాట ఎవరన్నారో, కండక్టరు చివర్లో అన్న దురుసు మాటతో సహా వరసగా రాశాను. అడుగున పేరు, ఇంటి నంబరు, ఊరు, తారీఖు వేసి సంతకం పెట్టాను. అందినట్టు నకలు మీద స్టాంపు వేయించుకున్నాను. అది నా దగ్గరే ఉంది.